పాటకు దొరికిన బండి

మా ఎదురింటాయన కొన్న బండి సంగతి మెదక్‌లో తెలియనివాళ్ళు తక్కువ. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలితే ఆయనే ఆపి మరీ చెప్పేవాడు.

తూప్రాన్ దగ్గర హైవేను ఆనుకుని వాళ్ళకు తాతల నాటి పొలం ఉండేది. ప్లాట్లు వేసే వెంచరు వాళ్ళు వచ్చి అడిగారు, ఈయన ఇచ్చేశాడు. వరి పండిన చోట రాళ్ళు పాతి రంగుల జెండాలు కట్టారు. ఆ ఏడాదే మా వీధిలోకి ఆ బండి దిగింది. గుట్టలెక్కుతుంది, ఇసుకలో పోతుంది, నడుం లోతు నీళ్ళలో కూడా ఆగదు అని పేరున్న విదేశీ బండి. అందులోనూ ఈయన కొన్నది అన్నిటికంటే ఖరీదైన రకం. పెద్ద చర్చి వెనకాల ఉండే మా వీధి వెడల్పు చూస్తే, ఆ బండి వచ్చినప్పుడు ఎదురుగా వచ్చే మేక కూడా వెనక్కి తిరిగి పోవాల్సిందే.

నేను సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. దండగ ఖర్చు కళ్ళబడితే నా నోరు ఊరుకోదు. ఆయన నాకంటే చిన్నవాడు, నన్ను టీచరక్కా అంటాడు కాబట్టి నాకు అడ్డు చెప్పేవాళ్ళు కూడా లేరు.

బండి వచ్చిన రోజు వీధంతా చుట్టూ మూగింది. ఆయన బానెట్ మీద చెయ్యి వేసి వివరంగా చెప్పాడు.

"బేస్ మోడల్ ఉంటది టీచరక్కా. దానిమీద మిడిల్. దానిమీద టాప్ ఎండ్. నాది టాప్ ఎండ్ మీద ఎడిషన్."

"టాప్ మీద ఇంకో టాప్ ఏంది తమ్మీ? మిద్దె మీద పెంకుటిల్లు కట్టినట్టు?"

ఆయన నవ్వాడు. ఎంత మాటన్నా నవ్వుతాడు, ఆయనలో నాకు మొదటి నుంచీ నచ్చింది అదొక్కటే. నవ్వుతూనే మీట నొక్కి చూపించాడు. బండి నెమ్మదిగా కిందికి వంగింది, కాడి దించాక ఎద్దు మోకాళ్ళు వంచినట్టు. తలుపు కింద నుంచి ఒక మెట్టు దానంతట అదే బయటికి వచ్చింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ వంచమని అడిగారు, ఆయన కూడా విసుక్కోకుండా వంచాడు, లేపాడు.

"ఎన్క సీట్లు చూడక్కా. పండుకునేటట్టు వొరుగుతయ్. కాళ్ళకింద పీట వస్తది. ఈపు గూడ పిసుకుతది. అద్దాలు డబుల్. తలుపేస్తే బయట బ్యాండు కొట్టినా లోపటికి ఇనబడది."

"గందుకు గంత పెట్టాల్నా? ఇంట్ల తలుపేసుకుంటే అయిపోతుండె గదా."

వెనక అద్దం మీద 'దేవుని బహుమానం' అని స్టిక్కర్ వేయించాడు. దేవుడు ఇచ్చింది పొలం, బండి ఇచ్చింది షోరూమోడు అని నేను అన్నాను. దానికీ నవ్వాడు, కానీ ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఇంత సంబరం చేసిన మనిషి ఆ బండితో చేసిందేమిటయ్యా అంటే, వెనక సీట్ల మీద షోరూమ్ ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. మనవాళ్ళకు అదొక రోగం. కొత్త ఫ్రిజ్ తలుపు మీద కవరు, కొత్త సోఫా మీద కవరు, టీవీ రిమోట్ మీద కవరు. ఆయన నడుపుతాడు, పక్కన భార్య కూర్చుంటుంది, వెనక రెండు మహారాజ సింహాసనాలు ప్లాస్టిక్ కప్పుకుని ఖాళీగా పోతుంటాయి. వాన పడితే బండి బయటికి తీయడు, బురదవుతుందని. కంకర రోడ్డు ఎక్కించడు, రాయి తగులుతుందని. బురదలో పోవడానికే పుట్టిన బండి రెండేళ్ళు మెదక్ నుంచి తూప్రాన్ దాకా తారు రోడ్డు మీద పోయి రావడం, ఇంటికొచ్చి బట్ట కప్పుకుని పడుకోవడం, ఇదే దాని బతుకు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి తుంటి కీలు మార్చారు. కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది, బయటికైతే చక్రాల కుర్చీ. డాక్టరు ఒక కట్టడి పెట్టాడు: ఎక్కడ కూర్చున్నా మోకాళ్ళు తుంటికంటే పైకి లేవకూడదు. అంటే లోతు సీట్లో కూర్చోకూడదు. కిరాయి కార్లన్నీ లోతు సీట్లే. ఆటోలో కూర్చోబెడితే మొదటి గుంతకే ప్రాణం పోయినంత పనైంది. జీపు లాంటివి ఎత్తు బాగానే ఉంటాయి, ఎక్కడమే చేతకాదు. అట్లా అమ్మ లోకం మా ఇంటికీ, వీధి చివర ఉన్న ప్రార్థన మందిరానికీ మధ్య కుదించుకుపోయింది.

దానికి అమ్మ పెద్దగా బాధపడలేదు. బాధపడింది ఒక్కదానికి. ఆమె అక్క, అంటే మా పెద్దమ్మ, టేక్మాల్ దాటి రేగోడ్ వైపు పోయే దారిలో ఒక పల్లెలో ఉంటుంది. వాళ్ళమ్మ చిన్నతనంలోనే పోతే, అమ్మను పెంచింది పెద్దమ్మే. ఇద్దరూ ఒకే చీర వంతులవారీగా కట్టుకున్నవాళ్ళు, ఒకే పాటల బృందంలో పక్కపక్కన నిలబడి పాడినవాళ్ళు. ఇప్పుడు పెద్దమ్మకు నడుం వంగిపోయింది, చెవులు దాదాపు పోయాయి. ఆమె ఇక్కడికి రాలేదు, అమ్మ అక్కడికి పోలేదు. ఫోన్ చేస్తే పెద్దమ్మ "ఇనబడతలేదే చెల్లే" అని నాలుగుసార్లు అని పెట్టేస్తుంది. వీడియో కాల్‌లో ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ఏడుస్తారు, అంతలో సిగ్నల్ పోతుంది.

"దానికి నేను ఒక మాట చెప్పేది ఉన్నది" అనేది అమ్మ.

"నాకు చెప్పు, ఫోన్‌ల గట్టిగ ఒర్రి చెప్త."

"నువ్వు ఒర్రితే ఊరంత ఇంటది గని అక్క ఇనది. గది ఒర్రి చెప్పే మాట కాదు."

ఇద్దరి వయసూ కలిపితే నూటయాభై దాటింది. అమ్మ బడికి పోయింది తక్కువే కానీ, ఈ లెక్క ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు పోతారు. ఆ లోపు ఒక్కసారి పక్కన కూర్చుని చెప్పాలి. నేను ఎన్ని బండ్లు మాట్లాడానో, ఎన్నింటి సీట్లకు దిండ్లు వేసి చూశానో నాకే తెలుసు. ఏదీ కుదరలేదు. ప్రతిసారీ అమ్మ "పోనీలే బిడ్డా" అనేది. ఆ పోనీలే వింటే నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియకుండా.

వానాకాలం వరి కోతలు మొదలయ్యాక మా ప్రార్థన మందిరంలో కోత పండుగ జరుగుతుంది. ఎవరి పొలంలో పండింది వాళ్ళు, మొదటి పంటగా దేవుని ముందుకు తెస్తారు. బియ్యం, కందులు, గుమ్మడికాయలు, చెరుకు గడలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు, పెరట్లో కాసిన జామకాయలు. ఆరాధన అయ్యాక అన్నిటినీ హర్రాజు వేస్తారు. వేలానికి మా దగ్గర హర్రాజు అనే అంటారు. ధర చెప్పడాన్ని పాట పాడడం అంటారు. గుమ్మడికాయకు ఒకాయన పాట పాడితే, ఆయన మీద ఇంకొకాయన పాడతాడు, చివరికి ఎవరి పాట నిలబడితే వాళ్ళది గుమ్మడికాయ. పైకం మందిరం ఖర్చులకు పోతుంది. హర్రాజు నడిపేది బస్సు కండక్టరుగా చేసి రిటైరైన సంఘ పెద్ద. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు, అయినా మైకు వదలడు.

ఎదురింటాయన వాళ్ళింటి నుంచి ఏటా పెద్ద బియ్యం సంచి వచ్చేది. పొలం అమ్మిన తర్వాతి పండుగకు ఆయన దుకాణంలో కొన్న బియ్యం సంచి తెచ్చాడు. వరసలో ముందు కూర్చున్న ఒక ముసలామె, పాపం ఏమీ ఎరగక, "గివి ఏ పొలానివి బిడ్డా, బియ్యం సన్నగ మంచిగున్నయ్" అని అడిగింది. ఆయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఆయన మొహంలో నవ్వు లేకపోవడం నేను చూసింది ఆ రోజే.

ఆ తర్వాతి ఏడు, నేను చెప్పబోయే పండుగ నాడు, ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. అందరూ తెచ్చినవి బల్ల మీద పెట్టడం అయ్యాక లేచి వెళ్ళి, గుమ్మడికాయకూ జామకాయల గంపకూ మధ్య బండి తాళంచెవి పెట్టాడు.

"నాకు పంట లేదు అయ్యగారూ" అన్నాడు పాస్టరు గారితో, నేల చూస్తూ. "ఉన్నది గిదొక్కటే. ఒక దినం బండి, డ్రైవర్‌గ నేను. హర్రాజుల ఎవలు పాడుకుంటే వాళ్ళను యాడికంటె ఆడికి తీస్కపోత."

అయ్యగారు ఆశ్చర్యపోయినా తల ఊపాడు. కోడిపుంజు పోయింది, కందులు పోయాయి, గుమ్మడికాయ పోయింది. తాళంచెవి వంతు వచ్చింది. కండక్టరు పెద్దాయన దాన్ని పైకెత్తి చూపించి పాట పిలిచాడు.

ఎవరూ పాడలేదు.

ఎందుకు పాడలేదో నాకు అర్థమైంది, అందరికీ అర్థమైంది. తక్కువ పాడితే అంత బండిని అవమానించినట్టు. ఎక్కువ పాడడానికి మా దగ్గర లేదు. పైగా ఊరంతా రెండేళ్ళుగా ఆ బండిని ఎగతాళి చేసి ఉంది, ఇప్పుడు అందులో ఎక్కుతానని చెయ్యెత్తడానికి మొహం చెల్లాలి కదా. నా నోరు కూడా మూతపడింది. ఆయన బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు, తన మొదటి పంటను ఎవరూ అడగని మనిషిలా. అది చూడలేక నేను ఫ్యాన్ వైపు చూశాను.

పెద్దాయన బస్సులో టికెట్ టికెట్ అని తిరిగినట్టే మైకు పట్టుకుని వరసల మధ్య తిరిగాడు.

"పాడుండ్రి. ఎవలన్న పాడుండ్రి. కోత పండుగ నాడు పాట లేకుంట ఎట్ల? అమ్మా, జర ఎవలన్న ఒక పాట అందుకోండ్రి."

నా పక్కన చక్రాల కుర్చీలో అమ్మ కునుకు తీస్తోంది. ఆరాధన పొడవైనప్పుడల్లా తీస్తుంది. పెద్దాయన సరిగ్గా మా వరస దగ్గరికి వచ్చి ఆ మాటన్నాడు. అమ్మ కళ్ళు తెరిచింది. నలభై ఏళ్ళు పాటల బృందంలో ముందు వరసలో నిలబడిన మనిషి. పండుగ నాడు పాట లేదంటున్నారు, అందుకోమంటున్నారు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. గొంతు సవరించుకుని కోతల పాట ఎత్తుకుంది.

నేను కొంగు పట్టి లాగాను. "అమ్మా, గా పాట కాదు." ఆమె నా చెయ్యి విదిలించింది. మొదటి చరణం గొంతు వణికింది. రెండో చరణానికి నిలబడింది. వెనక వరసలో ఆమె ఈడు ఆడవాళ్ళు ఇద్దరు అందుకున్నారు, తర్వాత నలుగురు. డోలక్ అతను గబగబా డోలక్ ఒళ్ళోకి లాక్కున్నాడు. నవ్వబోయిన వాళ్ళు నవ్వడం మరిచి పాడారు. నేనూ పాడాను. బల్ల పక్కన ఎదురింటాయన తల దించుకునే పాడుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. అన్ని చరణాలూ పూర్తిగా పాడాం, ఎవరూ మధ్యలో ఆపలేదు.

పాట అయిపోయింది. కండక్టరు పెద్దాయన జీవితంలో ఎన్ని వేల టికెట్లు కొట్టాడో కానీ, ఆ రోజు చేసినంత మంచి పని ఎప్పుడూ చేసి ఉండడు.

"పాట వచ్చింది" అన్నాడు మైకులో. "అమ్మ పాడింది. దీని మీద ఎవలన్న పాడుతరా? ఒకటోసారి. రెండోసారి. మూడోసారి. బండి అమ్మది."

తాళంచెవి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"ఏ బండి?" అంది అమ్మ.

అప్పుడు నవ్వారు అందరూ, కడుపునిండా. అందరికంటే గట్టిగా నవ్వింది ఎదురింటాయన. ఆయన అమ్మ ముందు గొంతుక్కూర్చుని సంగతంతా చెప్పాడు. "యాడికి పోదామమ్మా? హైదరాబాదా? మీరు యాడికంటె ఆడికి."

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అక్క కాడికి" అంది.

నేను వెంటనే అడ్డుపడ్డాను, అది ఎత్తు బండి, అమ్మకు ఎక్కరాదు అని. ఆయన నా వైపు చూశాడు. రెండేళ్ళ నుంచి నేనన్న మాటలన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పే అవకాశం వచ్చింది పాపం.

"గందుకే గదా టీచరక్కా, టాప్ ఎండ్ మీద ఎడిషన్" అన్నాడు.

శనివారం పొద్దున బండి మా గేటు ముందుకు వచ్చింది. వంగింది. మెట్టు బయటికి వచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినట్టు అమ్మ వెనక్కి తిరిగి, మెట్టెక్కి సీటు అంచు మీద ఆనుకుని, కాళ్ళు మెల్లగా లోపలికి తిప్పుకుంది. మోకాళ్ళు తుంటికంటే కిందే ఉన్నాయి. నేను వంగి రెండుసార్లు చూసుకున్నాను. ఎన్ని బండ్లలో వెతికిన ఎత్తు అది.

అమ్మ కాస్త కదిలింది. కింద ప్లాస్టిక్ కరకరమంది.

"గీ కవర్ మీద జారిపోత బిడ్డా" అంది.

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ గేటు దగ్గర నుంచి ఆయన భార్య చూస్తోంది. నేను అమ్మ కింద తువ్వాల వేద్దామనుకుంటూ ఉండగా, ఆయన చెయ్యి లోపలికి పెట్టి కవరును చర్రున చించాడు. ముందు అమ్మ కింది నుంచి లాగాడు, తర్వాత రెండో సీటుది కూడా. రెండేళ్ళు దాచిన కొత్త తోలు వాసన ఒక్కసారిగా వీధిలోకి వచ్చింది. ఆ కవర్లను ఉండగా చుట్టి భార్య చేతికిచ్చి వచ్చి కూర్చున్నాడు.

దారి పొడుగునా రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆయన ఒక్క గింజ మీద కూడా టైరు ఎక్కించకుండా పోయాడు, ఎదురుగా బండ్లు వస్తే ఆగిపోయి మరీ. టేక్మాల్ దాటాక కంకర రోడ్డు వచ్చింది. ఒకచోట వానలకు కల్వర్టు కొట్టుకుపోయింది, పక్కన ఒర్రెలోకి, అంటే చిన్న వాగులోకి, దింపి తాత్కాలికంగా దారి చేశారు. చీలమండ లోతు నీళ్ళు, దాని కింద ఎంత బురదో తెలియదు. ఆయన ఆపాడు. స్టీరింగ్ పక్కన ఒక గుండ్రటి మీట ఉంది, దాని మీద కొండ బొమ్మ, ఇసుక బొమ్మ, బురద బొమ్మ. రెండేళ్ళలో ఆయన దాన్ని ఎప్పుడూ తిప్పలేదని మొహం చూస్తేనే తెలిసిపోతోంది. తిప్పాడు. బండి లేచి నిలబడినట్టయి, ఒర్రెలోకి దిగి, అవతలి గట్టెక్కింది. బురద అద్దాల దాకా చిమ్మింది.

"తుంటి నొస్తుందా అమ్మా?" అన్నాను నేను, సీటు గట్టిగా పట్టుకుని.

"మంచం మీద కూసున్నట్టున్నది. నీ మొకమే మంచిగ లేదు" అంది అమ్మ.

పల్లె వచ్చింది. ప్రపంచంలో ఎక్కడికైనా పోగల ఆ బండి, పెద్దమ్మ ఇంటి సందులోకి మాత్రం పోలేకపోయింది. సందు మొదట్లో కరెంటు స్తంభం, ఇవతల మురికినీళ్ళ మోరీ. ఎంత వంగినా, ఎంత లేచినా వెడల్పు తగ్గదు కదా. నేను నవ్వాను, ఆపుకోవడం నా వల్ల కాలేదు. కానీ అమ్మ ఆ రాళ్ళ సందులో కర్రతో నడవలేదు, చక్రాల కుర్చీ దొర్లదు. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోతే ఎట్లా అని నవ్వు మాని అమ్మ వైపు చూశాను.

"అక్కనే తీస్కరాండ్రి" అంది అమ్మ.

పెద్దమ్మ కొడుకూ కోడలూ ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చారు. పెద్దమ్మ ఎంత చిన్నదైపోయిందో. చెయ్యి చాచి ముందు బురద కొట్టిన తలుపును తడిమింది, తర్వాత లోపల అమ్మను చూసింది. "చెల్లే" అంది, అంతే. ఆయన బండిని మళ్ళీ వంచాడు. అందరం కలిసి ఆమెను రెండో సీటులో కూర్చోబెట్టాం. ఇద్దరూ చేతులు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పక్క చేనులోనే వరి కోత మిషన్ నడుస్తోంది. గడ్డి మోసే ట్రాక్టర్‌లో పాటలు మోగుతున్నాయి. అమ్మ పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అంది.

"ఇనబడతలేదే" అంది పెద్దమ్మ.

అమ్మ మళ్ళీ చెప్పింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. అమ్మ మొహం చిన్నబోయింది. ఇంత దూరం, ఇంత బురద, చివరికి ఫోన్‌లో జరిగిందే ఇక్కడా జరుగుతోంది.

దుమ్ము లోపలికి పోతోందని ఎదురింటాయన బయట నుంచి నాలుగు తలుపులూ మూశాడు. ఆయన అనుకుని చేసింది కాదు, సీట్లు తెల్లవి కాబట్టి చేశాడు. తలుపు మెత్తగా పడింది. అద్దంలోంచి నాకు అమ్మ పెదవులు కనిపిస్తున్నాయి. ఆమె మూడోసారి చెప్పింది. పెద్దమ్మ కదలకుండా విన్నది. తర్వాత మెల్లగా తల తిప్పి అమ్మ వైపు చూసి, జవాబు చెప్పింది.

బయట బ్యాండు కొట్టినా లోపలికి వినబడదు అని ఆయన అన్నప్పుడు నేను చేసిన ఎగతాళి నాకు బాగా గుర్తుంది. చెవులు పోయిన మనిషికి కావలసింది గట్టి గొంతు కాదు, చుట్టూ చప్పుడు లేకపోవడం. అది నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

మధ్యాహ్నం దాకా వాళ్ళిద్దరూ దిగలేదు. బండి ఆయనదే అయినా ఆయనకు అందులో చోటు లేదు. పెద్దమ్మ కోడలు అలసందలు ఉడికించి, తాలింపేసి గుడాలు చేసి తెచ్చింది. నేను అద్దం తట్టితే అమ్మ దించి, గిన్నె అందుకుంది. అదే సమయంలో పెద్దమ్మ చెయ్యి ఏ మీట మీద పడిందో, "ఏందే, ఎన్కకెల్లి ఎవలో పిసుకుతుండ్రు" అని ముందుకు వంగింది. అమ్మ నవ్వుతూ అద్దం ఎత్తేసింది. తెల్లటి తోలు సీట్లు, నూనె తాలింపు గుడాలు, పళ్ళు లేని ఇద్దరు ముసలివాళ్ళు. ఎదురింటాయన పక్కకు తిరిగాడు.

ఆయన చెప్పులు విడిచి కోసిన మడిలోకి దిగాడు. వరి కొయ్యకాళ్ళ మధ్య కాసేపు నడిచి, గట్టు మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పొలం అమ్మినకాడికెల్లి కోత పండుగంటెనే భయమైతుండె టీచరక్కా" అన్నాడు. "గుమ్మడికాయ ఉన్నోడు గూడ నాకంటె పెద్దోని లెక్క కనబడుతుండె."

నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. "ఈయేడు అందరికంటె మంచి పంట నీదే తమ్మీ" అన్నాను. అది ఎగతాళి కాదని ఆయనకు అర్థమైంది. మడిలో ఏరిన వడ్ల గింజ ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు.

మేమిద్దరం చూస్తుండగానే బండిలో వాళ్ళ పెదవులు కలిసి కదలడం మొదలుపెట్టాయి. ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటున్నాయి. పాడుతున్నారు. పెద్దమ్మ వేలితో అమ్మ చేతి మీద తాళం వేస్తోంది. మాకు ఒక్క ముక్క వినబడలేదు.

దిగేటప్పుడు పెద్దమ్మ, అమ్మను అవ్వ అనే పాతకాలం మనిషి, నా గడ్డం పట్టుకుంది. "నీ అవ్వ చెప్పింది. అన్ని ఇన్న" అంది.

ఆ ఎండాకాలం ముదరకముందే పెద్దమ్మ పోయింది. కబురు తెలిసేసరికి ఎదురింటాయన మమ్మల్ని అడగకుండానే బండి గేటు ముందు వంచి నిలబెట్టాడు. మట్టి కార్యం అయ్యేదాకా ఉండి మమ్మల్ని ఇంటికి చేర్చాడు. అమ్మ ఏడ్చింది కానీ, నేను భయపడ్డట్టు కుమిలిపోలేదు.

ఇప్పటికీ అది దండగ బండే అంటాను, ఆయన ముఖం మీదే అంటాను. లెక్క లెక్కే. కానీ ఆయన చేసిన మేలు నేను బతికున్నన్ని రోజులూ మరిచిపోను. మా అమ్మ అడిగింది లోకంలో ఒక్కటే, అది ఆ బండి వల్లే, ఆయన వల్లే దొరికింది. ఇప్పుడు వీధిలో దవాఖానకు పోవాల్సిన ముసలివాళ్ళందరి దగ్గరికీ ఆ బండి పోతుంది, వంగుతుంది. వెనక సీట్ల తలాన్చే చోట రెండు కొబ్బరినూనె మరకలు ఉన్నాయి. కడిగించవా అంటే నవ్వుతాడు.

అమ్మ ఆ రోజు ఏం చెప్పిందో చాలా రోజులు నాకు చెప్పలేదు. "దానికి చెప్పిన గదా, మళ్ళ నీకెందుకు" అనేది. మొన్న ఒక సాయంత్రం కందులు ఏరుతూ తనే ఎత్తుకుంది.

"అవ్వ పోయినప్పుడు నాకు బుద్ధి తెల్వది. అది నాకోసం పెండ్లి గూడ ఆపుకున్నది. ఎన్నడు చెప్పలే నేను. నాకు అవ్వ లేని లోటు తెల్వలేదు, నువ్వే నాకు అవ్వవు అని చెప్పిన."

"పెద్దమ్మ ఏమన్నది?"

"తలుపులు మూసినంక చెప్తే, మళ్ళొక్కసారి చెప్పు అన్నది. ఇనబడలేదనుకొని మళ్ళ చెప్పిన. మళ్ళ చెప్పమన్నది. గట్ల ఎన్నిసార్లు చెప్పిచ్చుకున్నదో." అమ్మ చేటలో చెయ్యి ఆపింది. "ఆఖరికి నేనే అడిగిన, ఇనబడతలేదా అక్కా అని. మొదటిసారే ఇనబడ్డది, ఊకెనే చెప్పమంటున్న అన్నది."